నేను పడగొట్టిన గోరి

పాతికేళ్లుగా సంఘంలో వాక్యం చెబుతున్నాను. నా ప్రసంగం విని జనం ఆ వారంలోనే లేచి పనిలోకి దిగిన సందర్భం ఒకే ఒక్కటి. అది చేయకూడని పని. పొరుగువాడిని ప్రేమించండి, నాలుకను అదుపులో పెట్టుకోండి, ఆరాధనకు వేళకు రండి అని మిగతా ఆదివారాల్లో నేను చెప్పినవి మాత్రం ఇప్పటికీ ఎవరూ మొదలుపెట్టలేదు.

మాది షంషాబాద్ దగ్గర రేకుల కప్పు కింద కూడుకునే చిన్న సంఘం. పాస్టరుగారికి మాతో కలిపి నాలుగు సంఘాలు ఉండేవి, అందుకని మా దగ్గరికి నెలకు ఒక్క ఆదివారమే వచ్చేవారు. మిగిలిన ఆదివారాలు సంఘ పెద్దనైన నా చేతిలో ఉండేవి. వారమంతా కాటేదాన్‌లో ఒక పైపుల ఫ్యాక్టరీలో స్టోర్ చూసేవాణ్ని. అక్కడ నా మాట ఎవరూ వినేవారు కాదు, అందుకే ఆదివారం నా గొంతు అంత పెద్దగా లేస్తుందని నా భార్య అనేది. ఆత్మ ప్రేరేపణ అని నేను అనేవాణ్ని.

విమానాశ్రయం తెరిచిన రెండో ఏడు అది. చుట్టూ చేన్లన్నీ ప్లాట్లయ్యాయి. ఎటు చూసినా సున్నం పూసిన హద్దురాళ్లే. మాకు మాత్రం చచ్చినవాళ్లను పెట్టుకునే చోటు లేకుండా పోయింది. మా పాత సమాధుల స్థలం రోడ్డు వెడల్పులో పోయింది. ఆ తర్వాత సంఘంలో ఇద్దరు చనిపోతే, సిటీలో వేరే సంఘం వాళ్ల సమాధుల తోటలో, వాళ్లను బతిమాలి, గోడ వారగా పెట్టి వచ్చాం.

ఈ సంగతి అందరికంటే ఎక్కువగా బాధపెట్టింది మా సంఘంలోని ఒక ముసలావిడను. ఆమెను అవ్వ అనేవాళ్లం. ఆమె భర్త బతికినన్నాళ్లూ ఆ చుట్టుపక్కల ఊళ్లకు గుంతలు తవ్వాడు. కులం, మతం అడగకుండా పిలిచినచోటికల్లా పార పట్టుకుని వెళ్లేవాడట. ఆయన్ను పెట్టిన చోటు ఇప్పుడు తారురోడ్డు కింద ఉంది. ఆ చోటు ఆమెకు కచ్చితంగా తెలుసు. ఆమె ఎక్కిన ఆటో అక్కడికి వచ్చేసరికి కొంగు తల మీదికి లాక్కునేది. ఆమెకు ఆయాసం. గుండె బాగా బలహీనపడిందని దవాఖానలో చెప్పారు. ప్రతి ఆదివారం దీవెన అయ్యాక కర్ర పట్టుకుని నా దగ్గరికి వచ్చి ఒకటే మాట అడిగేది.

"ఏమాయె సారూ, నా జాగ?"

"ప్రార్థన చేస్తున్నం అవ్వా."

"ప్రార్థన మంచిదే. జాగ సంగతి చెప్పు."

చివరకు జాగ దొరికింది. నా ప్రార్థన వల్లనో నా తిరుగుడు వల్లనో కాదు, ఆమె వల్లనే. కొత్తూరు వైపు ఒక ఊళ్లో ఒక పెద్ద రైతు ఉండేవాడు. బాపు అని అందరూ పిలిచే మనిషి. ఎప్పుడో ఆయన పసిబిడ్డ చనిపోతే ముసురులో మోకాలి లోతు నీళ్లు తోడి గుంత తవ్వింది అవ్వ భర్తే. ఆ సంగతి ఆయన మరచిపోలేదు. అవ్వ కష్టం ఎవరి ద్వారానో విని నాకు కబురు పెట్టాడు. వెళ్తే, అమ్మకుండా మిగిలిన ఒక రాళ్ల చెలకకు, మెట్ట చేనుకు తీసుకెళ్లాడు.

"అరెకరం ఉంటది. రాసిస్త. గింజ పండని జాగ, మీకు పనికొస్తది," అన్నాడు.

నేను స్తోత్రం చెప్పబోతుండగా వేలు చూపించాడు. చెలకకు దక్షిణం వైపు మూడుచోట్ల పెద్ద పెద్ద గుండురాళ్లు గుండ్రంగా పేర్చి ఉన్నాయి. ఒక్కోటి ఎద్దు పడుకున్నంత ఉంది. గుండ్రం మధ్యలో చిన్నరాళ్ల కుప్ప, గడ్డి, తంగేడు చెట్లు.

"గవి రాక్షస గుళ్లు. వాటి జోలికి మాత్రం పోవద్దు. మా తాత పోలె, మా నాయిన పోలె. నేను గూడ నాగలి తిప్పుకొనే దున్నిన. ఉత్తరం దిక్కంత మీదే."

"అట్లనే బాపు," అన్నాను.

అన్నానే గానీ, ఆ క్షణానికే నా మనసు మాట తప్పేసింది. రాక్షసులు, గుళ్లు. చిన్నప్పటి నుంచి లేఖనాలు కంఠతా పట్టిన మనిషికి ఆ రెండు మాటలు కలిపి వినిపిస్తే ఏమవుతుంది? వాగ్దాన దేశంలోకి అడుగుపెట్టిన జనం అన్యుల ఉన్నత స్థలాలను, వాటి మీది బలిపీఠాలను పడగొట్టిన ఘట్టాలన్నీ ఒకదాని వెనుక ఒకటి కళ్ల ముందు కదిలాయి. ఇంటికి వచ్చేసరికి షంషాబాద్ మండలం నాకు ఆ వాగ్దాన దేశం కనానులాగే కనిపిస్తోంది. ఇందులో కొత్తూరు బస్సు కూడా ఉండటం ఒక్కటే తేడా.

ఆ ఆదివారం ఆ చెలక మీదే ప్రసంగించాను. దేవుడిచ్చిన నేలలో బలిపీఠాలను నిలబడనిచ్చిన రాజుల గతి ఏమైందో వరసగా చెప్పాను. మన ప్రియులను విగ్రహాల నీడలో పండబెడతామా అని అడిగాను. మామూలుగా నా ప్రసంగంలో మూడో భాగానికి వెనక వరస నిద్రపోతుంది. ఆ రోజు వెనక వరస ముందుకు వచ్చి కూర్చుంది. అయిపోగానే నలుగురైదుగురు మగవాళ్లు నా చుట్టూ చేరి ఎప్పుడు వెళ్దామని అడిగారు. నా బోధకు ఫలం కనిపించిందని కళ్లలో నీళ్లు తిరిగాయి. బాపుకు ఇచ్చిన మాట గుర్తు రాలేదా అంటే, వచ్చింది. మనుషులకు ఇచ్చిన మాట కంటే దేవుని మాట గొప్పదని నాకు నేనే చెప్పుకున్నాను. ఆ వాదన ఎంత తేలిగ్గా నోటికి వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మర్నాడు పొద్దున ఫ్యాక్టరీకి సెలవు పెట్టి ఒక జేసీబీని మాట్లాడాను. డ్రైవర్ షంషాబాద్ ముస్లిం. బండి దిగి, గుండ్రంగా ఉన్న రాళ్ల చుట్టూ నడిచి, గడ్డం గోక్కున్నాడు.

"సార్, జర సోచాయించున్రి, మంచిగ ఆలోచించున్రి. ఇది ఎవరిదన్న గోరీ గిట్ల కాదు కదా? గోరీ అయితే నేను చెయ్యి పెట్ట."

"గోరీ కాదు భాయ్. విగ్రహాలకు బలులిచ్చిన పీఠం."

"మీకెట్ల తెల్సు?"

"మా గ్రంథంలో ఉన్నది."

"మన షంషాబాద్ గురించి రాసి ఉన్నదా?"

నాతో వచ్చినవాళ్లలో ఒకాయన దగ్గాడు. నేను డ్రైవర్‌ను గంభీరంగా చూశాను. ఆయన బండి ఎక్కాడు. గొలుసు కట్టి ఒక గుండ్రంలో ఏడు రాళ్లు లాగేశాడు. తర్వాత మధ్యలో కుప్పను తొలగించాడు. కింద ఒక బండ కనిపించింది. ఆ బండను లేపి పక్కకు పెడుతుండగా బండి పైపు పగిలి నూనె కారింది. మేము స్తుతి పాట అందుకున్నాం. డ్రైవర్ నూనెతో తడిసిన చేతులతో మమ్మల్నే చూస్తూ నిలబడ్డాడు.

సరిగ్గా అప్పుడే ఆటో వచ్చింది. అవ్వను తన జాగ చూసుకోవడానికి రమ్మని పిలిచింది నేనే. శుద్ధి చేసిన నేల మీద ఆమె చేత మొదటి ప్రార్థన చేయించాలని నా ఏర్పాటు. ఆమె కర్ర పట్టుకుని మెల్లగా వచ్చి, బండ తీసిన గుంతలోకి వంగి చూసింది. నేనూ అప్పుడే సరిగా చూశాను. నాలుగు పలకలు నిలబెట్టి చేసిన రాతి పెట్టె. లోపల మట్టిలో సగం కూరుకున్న కుండలు, కొన్ని ఎర్రవి, కొన్ని పైన నలుపు కింద ఎరుపు. వాటి మధ్య సుద్దముక్కల్లా కొన్ని ఎముకలు.

ఇదేంటని ఆమె అడగలేదు. "ఎవర్ని తీసిన్రు?" అంది.

ఆమె కర్రతో లోపలి పలకలను చూపించింది.

"గిది గోరి గాదా? గుంతలు తవ్వినోని పెండ్లాన్ని, నాకు తెల్వదా? జూడు, నాలుగు పక్కల మట్టి జారకుంట పలకలు పెట్టిన్రు. గిది అన్నం కుండ, గిది నీళ్ల కుండ. మా ఆయన గూడ ఇంత పానం పెట్టి తవ్వలె."

"అవ్వా, వీళ్లు దేవుణ్ణి ఎరగనివాళ్లు..." అన్నాను. అప్పటికి నా దగ్గర మిగిలిన వాక్యం అదొక్కటే.

"ఎరగకపోతే? సావకుంట ఉంటరా?" కొంగు తల మీదికి లాక్కుంది. "ఒకర్ని లేపి ఆ జాగల నన్ను పండవెడ్తవా సారూ? నాకొద్దు. గా సిటీల గోడ పొంటి పడేయున్రి నన్ను."

తిరిగి ఆటో ఎక్కి వెళ్లిపోయింది. సాయంత్రానికి బాపు నుంచి కబురు వచ్చింది. చెలక ఇచ్చేది లేదు, మళ్లీ ఆ దిక్కు కనబడొద్దు. అంటే, ఒక మనిషి చివరి కోరికకు దొరికిన ఒకే ఒక్క చోటును ఒక్క ప్రసంగంతో, ఒక్క పూటలో పోగొట్టాను. అంత శక్తిమంతమైన ప్రసంగం నేను అంతకుముందూ చేయలేదు, ఆ తర్వాతా చేయలేదు.

ఇంట్లో నా భార్య అన్నం వడ్డిస్తూ, "మీ మాటకు బతికున్నోళ్లు ఎన్నడు లేవలె. సచ్చినోళ్లను మాత్రం లేపిన్రు," అంది. నేను పప్పు కలుపుకున్నాను.

రెండు రోజులు ఉపవాసం ఉన్నాను. పశ్చాత్తాపం అని అందరికీ చెప్పాను గానీ, అందులో సగం నా భార్యకు ఎదురుపడి తినే ధైర్యం లేకపోవడమే. మూడో రోజు సిటీలో మ్యూజియానికి వెళ్లాను. అద్దాల వెనక మా చెలకలో చూసినటువంటి కుండలే వరసగా ఉన్నాయి. అక్కడ పనిచేసే ఒకావిడను పట్టుకుని, మా ఊరి దగ్గర ఎవరో తెలివితక్కువవాడు ఇలాంటి చోటును తవ్వించాడని చెప్పాను.

ఆమె ఓపికగా చెప్పింది. అవి ఇనుము వాడటం నేర్చుకున్న కాలం నాటి మనుషుల సమాధులు. రాక్షసులూ కాదు, గుళ్లూ కాదు. అంత పెద్ద రాళ్లను మామూలు మనుషులు మోయలేరనుకుని తర్వాతివాళ్లు పెట్టుకున్న పేరు అది. కొన్నిచోట్ల మొదట ఎక్కడో పెట్టి, తర్వాత ఎముకలు ఏరి తెచ్చి, అందరూ కూడి మళ్లీ ఈ రాళ్ల కింద పెట్టేవాళ్లట. వాళ్ల ఇళ్లు మట్టివి, ఎప్పుడో కరిగిపోయాయి. చచ్చినవాళ్లకు కట్టిన ఇళ్లే మిగిలాయి. ఒక బండ కదలాలంటే ఎన్నో ఇళ్ల మనుషులు కలవాలి కాబట్టి, ఈ పని చేయడంలోనే వాళ్లు ఒక సమూహంగా నిలబడ్డారని, ఈ నేల మాది, మావాళ్లు ఇక్కడున్నారు అని చెప్పుకోవడానికి కూడా ఆ రాళ్లు పెట్టి ఉంటారని అంది.

"ఆ తెలివితక్కువాయన లోపలివి బయటికి తీశాడా?" అని అడిగింది.

"లేదండి. భయపడి వదిలేశాడు."

"అయితే ఏదీ ముట్టుకోవద్దని చెప్పండి. మేం వచ్చి రాసుకుంటాం. తర్వాత ఉన్నది ఉన్నట్టు మూయండి." కాస్త ఆగి, "మీకు బాగా దగ్గరివాడా ఆయన?" అంది.

"చాలా దగ్గరండి," అన్నాను.

బస్సులో తిరిగి వస్తుంటే లేఖనాల్లోని ఒక పితరుడు గుర్తొచ్చాడు. ప్రయాణం మధ్యలో భార్య కాన్పులో చనిపోతే, ఆమెను దారి పక్కనే పాతిపెట్టి, గుర్తుగా ఒక రాయి నిలబెట్టి వెళ్లిన మనిషి. ఆ కథ నేను ఎన్నోసార్లు చెప్పాను. చెప్పిన ప్రతిసారీ ఆడవాళ్లు కళ్లు తుడుచుకునేవాళ్లు. అలాంటి రాయే మా చెలకలో ఎదురుపడితే గొలుసు కట్టించి లాగించాను.

బాపు ఇంటికి వెళ్తే లోపలికి రమ్మనలేదు. గేటు దగ్గరే నిలబడి తప్పు ఒప్పుకున్నాను. వివరణలు ఇవ్వబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇగ గవన్నీ నాకెందుకు సారూ. రాళ్లు ఎట్లుండెనో అట్ల పెట్టు. మిషిన్‌తోని గాదు, చేతులతోని. అప్పుడు మాట్లాడుదం."

"చేతులతోనా? అంతంత రాళ్లు..."

"మొదలు పెట్టినోళ్లకు మిషిన్ ఉండెనా?"

ఆదివారం సంఘం ముందు నిలబడాలి. మూడు భాగాలుగా ప్రసంగం రాసుకున్నాను. ఉత్సాహం ఉన్నా జ్ఞానం లేకపోవడం గురించి మొదటి భాగం, పూర్వం తప్పటడుగు వేసిన భక్తుల గురించి రెండోది. మూడోదాంట్లో నా పేరు ఎక్కడో చివర కలిసిపోయేలా చూసుకున్నాను. లేచి చూస్తే అవ్వ తన చోట లేదు. కాగితం మడిచాను. "పోయిన వారం నేను తప్పు చెప్పిన. అవి సమాధులు. రేపు పోయి మళ్లీ పెట్టాలె. మీరు వస్తే పెట్టగలుగుతం," అని కూర్చున్నాను. దేవుని పేరు మీద చెప్పినదాన్ని వెనక్కి తీసుకోవడానికి నాకు రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

ఎవరూ రారనుకున్నాను. ఇరవై మంది దాకా వచ్చారు. మ్యూజియం ఆవిడ ఇంకొకాయనతో వచ్చి, కొలతలు తీసి, ఫొటోలు తీసుకుంది. కళ్లద్దాల మీదుగా నన్ను చూసి, "ఆ తెలివితక్కువాయన రాలేదా?" అంది. నా భార్య నన్ను చూపించింది.

గుంతను మట్టితో నింపాక బండ దగ్గరికి చేరాం. తాళ్లు కట్టి లాగాం. కదల్లేదు. గడ్డపారలు పెట్టి ఎత్తాం. ఒక గడ్డపార వంగింది. సంఘ పెద్దగా నేను పాట ఎత్తుకున్నాను. మా ఆరాధన పాటలు నిదానంగా సాగుతాయి. ఒక చరణం ముగిసేలోపు ఒకరు ముందు లాగితే ఇంకొకరు తర్వాత లాగుతున్నారు. బండ ఎక్కడున్నది అక్కడే ఉంది. చివరికి పొలం పనులకు వెళ్లే ఒకామె, "అన్నా, నువ్వు జర ఊకో," అని నన్ను పక్కకు జరిపి, నాట్లప్పటి అరుపు ఒకటి అందుకుంది. అందరి చేతులు ఒక్కసారిగా పడ్డాయి. బండ జానెడు జరిగింది.

ఇంతలో జేసీబీ డ్రైవర్ వచ్చాడు. బండి లేదు, భుజాన జాకీ ఉంది. "గోరీ అని నేను చెప్పిన," అన్నాడు నాతో. ఆ మాట ఆ రోజు మొత్తం మీద నాలుగుసార్లు అన్నాడు. ప్రతిసారీ న్యాయమే. జాకీతో ఒక మూల లేపి, కింద మట్టి, చిన్నరాళ్లు తోసి, మళ్లీ ఇంకో మూల లేపాం. గట్టు మీద చేతులు కట్టుకుని చూస్తున్న బాపు మధ్యాహ్నం దాకా ఓర్చుకున్నాడు. తర్వాత పంచె ఎగగట్టి దిగాడు.

"గట్ల గాదు. మట్టి దిబ్బ లెక్క ఏటవాలుగ పొయ్యున్రి. దాని మీద కట్టెలు పరచున్రి. బాయికాడ బండ మేం గట్లనే ఎక్కిచ్చినం."

దిబ్బ మీదుగా బండ ఎక్కి తన చోట కూర్చునేసరికి మా చేతులు పొక్కులెత్తాయి. చుట్టూ ఉండే ఏడు రాళ్లకు ఇంకో రెండు రోజులు పట్టింది. ఏది ఎక్కడుండాలో మాలో ఎవరికీ తెలియదు. బాపుకు తెలుసు. ఏళ్ల తరబడి వాటిని తప్పించి నాగలి తిప్పిన మనిషి. "గిది గీడ గాదు. గీ మూతి పడమటికి ఉండె," అని ఒక్కో రాయినీ మనిషిని గుర్తుపట్టినట్టు గుర్తుపట్టాడు.

రెండో రోజు అందరం అక్కడే కూర్చుని తెచ్చుకున్న సద్దులు విప్పి తిన్నాం. డ్రైవర్ మా పచ్చడి వేసుకున్నాడు, మేము ఆయన ఉల్లిగడ్డ కొరుక్కున్నాం. ఆ రాళ్లు మొదట పెట్టిన రోజున కూడా ఎవరో ఇట్లాగే నడుములు పట్టుకుని కూర్చుని ఉంటారనిపించింది. ఎవరో ఒకామె అరిచి ఉంటుంది. పని తెలిసిన ముసలాయన ఒకడు గట్టు మీద నిలబడి తప్పులు పట్టి ఉంటాడు. నాలాంటి ఒకడు తప్పకుండా ఉండి ఉంటాడు, నడుము వంచకుండా అందరికీ అర్థం వివరిస్తూ. వాళ్ల ఆత్మల సంగతి నాకు తెలియదు. నేను నమ్మినదాన్ని అప్పటికీ నమ్మాను, ఇప్పటికీ నమ్ముతున్నాను. వాళ్ల మీద తీర్పు మాత్రం నన్ను ఎవరూ అడగలేదని ఆ రోజు తెలిసింది. ఒక్క మనిషిని పండబెట్టడానికి అంత బరువు మోసినవాళ్లది, మా రేకుల కింది దానికంటే గట్టి సంఘం అయ్యుంటుంది.

చివరి రాయి పెట్టాక బాపు అవ్వను పిలిపించమన్నాడు. ఆమె వచ్చి ముందు ఆ గుండ్రం దగ్గరికే వెళ్లింది. బండ మీద మళ్లీ పేర్చిన చిన్నరాళ్ల కుప్పను చూసి, వంగి ఒక చిన్న రాయి తీసి తానూ వేసింది. అది విగ్రహారాధన కిందికి వస్తుందేమోనని నాలోని సంఘ పెద్ద ఒక్క క్షణం తల ఎత్తాడు. నా భార్య నన్నే చూస్తోంది. ఆయన మళ్లీ తల దించుకున్నాడు.

తర్వాత అవ్వ ఉత్తరం దిక్కుకు నడిచింది. రెండుచోట్ల ఆగి, పాదంతో నేలను తొక్కి చూసి, మూడోచోట కర్ర నాటింది.

"గీడ మట్టి మెత్తగున్నది. తవ్వెటోనికి అలసట ఉండదు. నాకు గీ జాగ సాలు." నా వైపు తిరిగింది. "నా మీద సిమెంట్ గిట్ల పొయ్యకు సారూ. ఒక రాయి పెట్టు. మనుషుల్ని తేకు, మిషిన్ తేకు. నువ్వొక్కనివి మొయ్యగలిగేది పెట్టు."

"నేనొక్కణ్ణి మోసేది ఎంతుంటది అవ్వా?"

"గదే సూద్దమని."

ఆ తర్వాత ఆమె రెండు వానకాలాలు బతికింది. మళ్లీ ఎప్పుడూ జాగ సంగతి అడగలేదు. చనిపోయిన రోజు పాస్టరుగారు వేరే ఊళ్లో ఉన్నారు. ఆమె చెప్పిన చోటే తవ్వాం, మట్టి నిజంగానే మెత్తగా ఉంది. గుంత పూడ్చాక వాగు వైపు వెళ్లి ఒక రాయి చూసుకున్నాను. చూడటానికి చిన్నదే. రెండు చేతులా ఎత్తుకుని నడిచాను. మధ్యలో మూడుచోట్ల దించాను. జనం అంతా నిలబడి చూస్తున్నారు.

"అందుకోమంటవా సారూ?" అన్నాడు బాపు.

"వద్దు బాపు."

ఎలాగో తెచ్చి తల దగ్గర నిలబెట్టాను. కొంచెం పక్కకు ఒరిగింది, కాలితో మట్టి తొక్కి సరిచేశాను. అందరూ ప్రార్థనకు తలలు వంచారు. ఆమె గురించి చెప్పాలని రాసుకున్నది జేబులో ఉంది. ఊపిరి అందలేదు. "ప్రభువా, ఈమె నీది. ఆమేన్," అని మాత్రం అనగలిగాను.

నా ప్రార్థన అంతలో ముగుస్తుందని ఎవరికీ తెలియదు. సంఘమంతా కళ్లు మూసుకుని అట్లాగే నిలబడి ఉంది.